జామచెట్టు ఈసారి కాయలేదు

నవంబర్ 9, ఆదివారం

జామ పండు మంచిదా, ఆపిల్ మంచిదా?

నా డిగ్రీ రెండో ఏడు ప్రాక్టికల్స్‌కు బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం అడిగిన ప్రశ్న ఇది. తడుముకోకుండా నేను జామ అన్న. సీ విటమిన్ ఆపిల్‌లో ఉన్నదానికి ఎన్నో రెట్లు, పీచు రెండింతల పైన, పైగా మన దొడ్లో కాస్తది అన్న. ఆమె కళ్ళద్దాల మీది నుంచి చూసి, "ఎవరికి మంచిది?" అని అడిగింది. "ఎవరికైనా అంతే కద మేడం" అన్న. ఆమె నవ్వి మార్కులు వేసింది. మంచి మార్కులే వచ్చినయి. ఆ "ఎవరికి" మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. కాలేజీలో న్యూట్రిషన్ పాఠం చెప్పబట్టి ఇన్నేండ్లయింది, ప్రతి ఏడు ఈ రెండు పండ్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక క్షణం ఆగి, మళ్ళీ జామ అనే చెప్పిన.

పెండ్లికి ముందు మానేసిన డైరీ మళ్ళీ మొదలుపెట్టిన. తెలుగులోనే రాస్తున్న. ఆపాకు, అంటే మా అక్కకు, ఉర్దూ తప్ప చదవరాదు, కానీ కళ్ళ ముందు ఏ కాగితం కనపడ్డా చదివే అలవాటు ఉంది. మా ఆయన ఇస్రార్‌కు తెలుగు బోర్డులు చదవడం వచ్చు, నా చేతిరాత రాదు. దాచుకోవడానికి ఏం లేదు. ఊరికే రాస్తున్న.

అల్మాస్ ఆపా మొన్నటి నుంచి మా ఇంట్లోనే. షుగరు ఆమె కిడ్నీలను రెండింటినీ తినేసింది. బోధన్ నుంచి వారానికి రెండుసార్లు వచ్చి పోవడం ఆమెతో కాదు, అందుకని నిజామాబాద్‌లో మా దగ్గరే ఉంచుకున్నం. సోమవారం, గురువారం డయాలసిస్. అమ్మీ పోయినంక నాకు జడలు వేసింది ఈ అక్కే. కాలేజీ ఫారం మీద సంతకం పెట్టాలని బాబాతో కొట్లాడింది కూడా ఈమెనే.

డాక్టర్ మధుకర్ నన్ను చూసి, "మీరే న్యూట్రిషన్ మేడం, మీకు నేను చెప్పేదేముంది" అంటూనే చెప్పిండు. అరటి వద్దు, మామిడి వద్దు, బత్తాయి వద్దు, జామ వద్దు, కొబ్బరినీళ్ళు అసలే వద్దు. వీటిల్లో పొటాషియం ఎక్కువ, కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగొచ్చు. ఆపిల్ ఇయ్యండి, రోజుకు సగం.

ఆటోలో ఆపా నన్ను అడిగింది. "ఏమన్నడు? సేబ్ తినమన్నడా?"

"అవును, సగం ఆపిల్."

"అంటే పనైపోయిందన్న మాట" అని బయటికి చూసింది.


నవంబర్ 10, సోమవారం

ఈ రోజు మిషిన్ మీద బాగానే ఉంది. పక్క బెడ్డు మీద లింబయ్య అని ధర్పల్లి రైతు, పసుపు వేస్తడట. రెండేండ్ల నుంచి వస్తున్నడు. ఆయన భార్య సాయవ్వ కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుంటది.

"కొత్తగొచ్చినవా అక్కా? ఏం భయపడకు" అన్నడు ఆపాతో. "మిషిన్ కాడ నాలుగు గంటలు పండుకునుడే. ఇంటికాడ గింత నిమ్మళంగ పండుకోనిస్తరా మనల?"

ఆపాకు తెలుగు మాట్లాడటం నాకంటే బాగా వచ్చు. "నువ్వు నసీబున్నోనివి అన్నా. నాకు పక్కన చెల్లె కూసుంటది. పండుకోనియ్యది, పాఠం చెప్తది."

వార్డంతా నవ్వింది. నేను కూడా నవ్విన.


నవంబర్ 13, గురువారం

ఆపిల్ ముక్కలు ప్లేటులోనే నల్లబడ్డయి. ఆపా ముట్టలేదు.

బోధన్‌లో ఆపా పక్కింటి రాధాబాయికి ఫోన్ చేయాలె, ఈసారి పండ్లు పంపొద్దని.


నవంబర్ 16, ఆదివారం

ఆపా ఆపిల్ ఎందుకు తినదో నాకు తెలుసు, తెలియనట్టు ఉంటున్న. జహూర్ భాయి, అంటే మా బావ, దవాఖానలో ఉన్న నెల రోజులు చూడొచ్చిన ప్రతి ఒక్కరు ప్లాస్టిక్ సంచిలో ఆపిల్లే తెచ్చిండ్రు. బోధన్‌లో అదే ఆనవాయితీ. ఇంటికి చుట్టమై పోతే మిఠాయి, దవాఖానకు పోతే ఆపిల్. ఆ మంచం కింద ఆపిల్లు కుప్ప పడ్డయి. ఆయన ఒక్కటి కూడా తినకుండనే పోయిండు. తర్వాత ఆపా ఆ పండ్లన్నీ దవాఖాన గేటు దగ్గర కూర్చున్నవాళ్ళకు పంచి ఇంటికొచ్చింది. అప్పటి నుంచి ఆమె నోట అది దవాఖాన పండు.

ఇక జామ సంగతి. బోధన్ శక్కర్‌నగర్‌లో ఆపా ఇంటి వెనక ఉన్న చెట్టు జహూర్ భాయి చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికిన ఏడు నాటింది. లోపల గులాబీ రంగు. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చలికాలమంతా ఊరు మీద మొలాసిస్ వాసన ఉండేది. ఫ్యాక్టరీ మూతపడ్డంక చలికాలం ఆ వీధిలో మిగిలింది ఈ చెట్టు వాసనే.

సాయంత్రం పాఠం కోసమని రెండు పండ్లనూ మళ్ళీ పక్కపక్కన పెట్టి చూసుకున్న. వంద గ్రాముల జామలో సీ విటమిన్ రెండు వందల మిల్లీగ్రాముల పైన. ఆపిల్‌లో ఐదు దాటితే గొప్ప. పీచులో జామదే పైచేయి, మాంసకృత్తులు కూడా జామలోనే ఎక్కువ. పొటాషియం జామలో నాలుగు వందలు దాటుతది, ఆపిల్‌లో వంద చిల్లర. ఈ ఆఖరు మాట ఇన్నేండ్లు నేను క్లాసులో గొప్పగానే చెప్పిన. బీపీకి మంచిదమ్మా, గుండెకు మంచిదమ్మా అని. అంకె మారలేదు. ఇప్పుడు అదే అంకె కింద ఎర్ర గీత గీసిన. ఆపిల్‌లో ఏం లేదు కాబట్టి ఆపిల్ మంచిది. పాఠంలో ఈ మాట ఎట్ల చెప్పాలె?

రాధాబాయికి ఫోన్ చేయలేదు. రేపు చేస్త.


నవంబర్ 22, శనివారం

బోధన్ బస్సు డ్రైవర్ చేతికిచ్చి రాధాబాయి సంచెడు పండ్లు పంపింది. పక్కింట్లో ఉండి ఆపా ఇంటి తాళం, చెట్టు, పిల్లి అన్నీ చూసుకుంటున్నది ఆమెనే. బస్టాండులో సంచి అందుకోగానే వాసన కొట్టింది. ఇంటికి తీసుకపోలేదు. ఇస్రార్ దుకాణంలో దించిన.

"వైర్లు, స్విచ్చులు అమ్మే దుకాణంలో జామపండ్లా? గిరాకొచ్చి కిలో ఎంత అంటే ఏం చెప్పాలె?" అన్నడు ఇస్రార్.

"సోమవారం కాలేజీకి తీసుకపోత. అప్పటిదాక ఉంచండి."

"ఆపాకు చెప్పు. వద్దంటే అర్థం చేసుకోదా? నీకంటే తెలివైంది."

చెప్తనన్న.

రాత్రి అన్నం దగ్గర ఆపానే అడిగింది. "రాధ ఏమన్నా పంపిందా? ఈపాటికి చలికాలం కాపు దిగాలె."

"చెట్టు ఈసారి కాయలేదట ఆపా" అన్న.

నోట్లోంచి అట్లా వచ్చేసింది. పండు వద్దని చెప్పడం కన్నా పండే లేదని చెప్పడం సులువనిపించింది. ఆమెకు ఆశ లేకుండా ఉంటది, నాకు కాపలా లేకుండా ఉంటది. ఇది అబద్ధం అనుకోను. చికిత్సలో భాగం.


నవంబర్ 23, ఆదివారం

జామ పండును ఇంట్లో దాచలేం. ఇస్రార్ చొక్కాకు కూడా ఆ వాసన అంటింది. ఆపా ముక్కు ఎగబీల్చి, "ఇస్రార్ మియాఁ, అత్తరు మార్చినవా?" అని అడిగింది. ఆయన నా వైపు చూసి, స్నానానికి పోయిండు.


నవంబర్ 24, సోమవారం

పొద్దున సంచి తీసుకపోయి స్టాఫ్ రూంలో పెట్టిన. అందరు ఉప్పు కారం అద్దుకొని తిన్నరు. నేను తినలేదు. ఒకటి తిన్న. గులాబీదే.

సెకండియర్ క్లాసులో మాట మార్చి చెప్పి చూసిన. ఆరోగ్యవంతులకు జామ, కిడ్నీ జబ్బున్నవాళ్ళకు ఆపిల్ అని. దీక్షిత అనే పిల్ల లేచి, "మేడం, మరి మనకు కిడ్నీ జబ్బున్నట్టు తెలియకముందు తిన్న జామపండ్లు మంచివా, చెడ్డవా?" అన్నది. పిల్లలు గొల్లున నవ్విండ్రు. మంచివే అన్న. ఎందుకు మంచివో చెప్పడం మొదలుపెట్టేలోపల గంట కొట్టింది. గంట కొట్టడం మంచిదయింది.


నవంబర్ 30, ఆదివారం

మళ్ళీ సంచి. మళ్ళీ దుకాణానికే. ఈసారి ఆపా అడగకముందే నేనే చెప్పిన. చెట్టుకు తెల్లదోమ పట్టిందట, ఆకంతా జిగురు జిగురుగా ఉన్నదట, పూత రాలిపోయిందట. ఇంత వివరంగా ఎందుకు చెప్పిననో తెలియదు.

"వేపనూనె కొట్టమను పాపం" అన్నది ఆపా. చెట్టు మీద ఆమెకు నిజంగా దిగులు పట్టుకున్నది. పడుకునేముందు కూడా, "ఆయన నాటిన చెట్టు, నేను లేనని అలిగినట్టుంది" అన్నది.

రాధాబాయికి ఫోన్ చేయాలె.


డిసెంబర్ 4, గురువారం

పొటాషియం ఐదు పాయింట్ తొమ్మిది. ఆరు దాటితే భయం. పప్పు ఇంకా తగ్గించాలె. కూరగాయలు వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండుతున్న. "కూరను డయాలసిస్ చేసి పెడుతున్నవా?" అంటది ఆపా. తిట్టింది ఎప్పుడో, మెచ్చుకున్నది ఎప్పుడో ఈ మధ్య తెలియడం లేదు.


డిసెంబర్ 7, ఆదివారం

దొరికిపోయిన.

రాధాబాయే ఫోన్ చేసింది, నాకు కాదు, ఆపాకు. నేను బట్టలు ఆరేస్తున్న. స్పీకర్ పెట్టుకొని మాట్లాడటం ఆపా అలవాటు.

"అగ బాయీ, పండ్లు ఎట్లున్నయో ఒక్క మాట చెప్పవా? రెండు సంచులు పంపిన. ఈ యేడు కొమ్మలు ఇరిగిపోయేటట్టు కాసింది చెట్టు! చిలుకలను కొట్టలేక నా చేతులు పడిపోతున్నయి."

ఆపా తిరిగి నన్ను చూసింది. తర్వాత, "శానా తియ్యగున్నయి రాధా" అన్నది. "గులాబీవి ఎక్కువ వచ్చినయి. చేతులు నొయ్యనియ్యకు, చిలుకలను కూడా తిననియ్యి" అన్నది. ఇంకా ఏవో పిల్లి సంగతులు అడిగింది. ఫోన్ పెట్టేసి నన్ను పిలిచింది.

కోప్పడుతదనుకున్న. ఏడుస్తదని కూడా అనుకున్న. ఆమె చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"పండు తినొద్దంటే తినకపోదునా ఛోటీ? నేను చిన్నపిల్లనా?"

"కాదు ఆపా."

"పండు మీద ఎన్ని అబద్ధాలు చెప్పినా సరే. చెట్టు మీద ఎందుకు చెప్పినవ్? పదిహేను రోజుల నుంచి చెట్టు సచ్చిపోతున్నదనుకుంటున్న నేను."

నీ గుండె కోసమే చెప్పిన అన్న. "నా గుండెకు తెల్లదోమ పట్టలేదు" అని ఆమె లేచి లోపలికి పోయింది.


డిసెంబర్ 9

ఆపా తిన్నది కొంచెం మజ్జిగ అన్నం. అంతే. నాతో మాట్లాడటం లేదు. ఇస్రార్‌తో మాట్లాడుతున్నది.


డిసెంబర్ 11, గురువారం

నాలుగు రోజుల నుంచి సరిగా తినక నీరసంతో మిషిన్ ఎక్కింది. బీపీ పడిపోతుంటే సిస్టర్ రెండుసార్లు వచ్చి కాళ్ళు ఎత్తి పెట్టింది.

మిషిన్ మొదలైన కాసేపటికి సాయవ్వ కొంగు చాటు నుంచి అరటిపండు తీసి, సగం విరిచి లింబయ్య నోట్లో పెట్టింది. ఆపా కళ్ళు అక్కడే ఉన్నయి.

"అన్నా, నీకు వద్దనలేదా గది?" అని అడిగింది. నాలుగు రోజులకు అదే ఆమె గట్టిగా మాట్లాడిన మాట.

లింబయ్య గుటుక్కున మింగి, "మొదటి గంట మనది అక్కా" అన్నడు. "మనం లోపలేసుడు, మిషిన్ బయటికి గుంజుడు. ఇంటికాడ తింటే మనకెక్కుతది, ఈడ తింటే మిషిన్‌కు ఎక్కుతది."

"మీద పడి అడుగుతడు అమ్మా" అన్నది సాయవ్వ నాతో, నేను తిడ్తనేమోనని. "నెలకు రొండు మూడు మాట్లే. ఇంటికాడ ముట్టనియ్య."

ఆపా నా వైపు తిరిగింది. "నిజమేనా?"

నిజమే. ఇది నాకు కొత్త సంగతి కాదు. మొదటి గంటలో తిన్నది కొంత మిషిన్ లాగేస్తది, కొందరు డాక్టర్లు దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తరు. మొదటి రోజు నుంచి నాకు తెలుసు. ఆపాకు చెప్పలేదు. చెప్తే అడుగుతదని.

"నిజమే" అన్న.

ఆపా కళ్ళు మూసుకున్నది. డాక్టర్ మధుకర్ రౌండ్‌కు వచ్చినప్పుడు ఆయన్ను పక్కకు పిలిచి అడిగిన. రిపోర్ట్ ఐదున్నర లోపల ఉంటే, మొదటి గంటలో, పావు ముక్క. "నేను అవును అనను, కాదు అనను. మీకు తెలిసిందే కదా మేడం" అన్నడు. నాకు తెలుసు అంటే అందరూ నా మీదనే పెట్టి పోతరు.


డిసెంబర్ 14, ఆదివారం

ఆపా మూడు రోజుల నుంచి సరిగా తింటున్నది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పొద్దున ఆపిల్ కోసి పెడితే రెండు ముక్కలు తిన్నది. ముఖం మాత్రం కాకరకాయ నమిలినట్టు పెట్టింది.


డిసెంబర్ 15, సోమవారం

రిపోర్ట్ ఐదు పాయింట్ రెండు.

రాధాబాయి మొన్న మళ్ళీ పంపిన పండు నుంచి పావు ముక్క కోసి డబ్బాలో పెట్టుకొని పోయిన. గింజలు తీసేసిన. ఉప్పు లేదు, కొంచెం కారం అద్దిన. మిషిన్ మొదలైనంక మూత తీసిన. వార్డు మొత్తానికి వాసన. అటు చివరి బెడ్డాయన కూడా తల ఎత్తి చూసిండు.

ఆపా దాన్ని కొరకలేదు. ముందు చాలాసేపు చేతిలో పట్టుకున్నది. తర్వాత చీమ తిన్నట్టు కొంచెం కొంచెం తిన్నది.

"గింజలు ఎందుకు తీసినవ్? పంటి సందున గింజ ఇరుక్కోకపోతే జామ తిన్నట్టు ఎట్లుంటది?"

"గింజలు వద్దు ఆపా."

"వద్దు, వద్దు, వద్దు. నువ్వు పుట్టినప్పుడు పురుడు పోసిన దాయి చెప్పింది, ఈ పిల్ల నోరు తెరవంగనే వద్దంటదని."

లింబయ్య, "అక్కా, నాకొక ముక్క" అని చేయి చాపిండు. సాయవ్వ ఆ చేతి మీద కొట్టింది. అందరం నవ్వినం. ఆపా కడిగిన చెయ్యిని ఇంటికొచ్చేదాకా ముక్కు దగ్గర పెట్టుకుంటూనే ఉన్నది.

నేను సరిగ్గానే చేసిన.


డిసెంబర్ 22, సోమవారం

పావు ముక్క. ఐదు పాయింట్ మూడు. సరిగ్గానే చేసిన.


డిసెంబర్ 29, సోమవారం

పావు ముక్క. ఈసారి గింజలు తీయలేదు.


జనవరి 5, సోమవారం

లింబయ్య బెడ్డు ఖాళీగా ఉంది. శనివారం పొద్దున్నే గుండె లయ తప్పితే హైదరాబాద్ తీసుకపోయిండ్రని సిస్టర్ చెప్పింది. ఐసీయూలో ఉన్నడట. పొటాషియం ఏడు దాటిందట.

ఆపాకు మామూలు జ్వరమని చెప్దామనుకొని నోరు తెరిచిన. మళ్ళీ మూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పిన.

నా సంచిలో జామ ముక్క డబ్బా ఉంది. తీయలేదు. ఆమె అడగలేదు.


జనవరి 8, గురువారం

సాయవ్వ ఫోన్ చేసింది. బతికి బట్టకట్టిండట, ఇంకో వారం ఉంచుతరట. ఏం తిన్నడు అని అడిగిన.

"ఏం తినలేదమ్మా. ఒట్టు. ఇందల్వాయిల మా బిడ్డ ఇంట్ల శుభకార్యం. విందు ముట్టలే, స్వీటు ముట్టలే, పండు ముట్టలే. అందరు వచ్చి బీమారు మనిషి, సల్వ చేస్తదని బోండాలు కొట్టిచ్చి ఇచ్చిండ్రు. నీళ్ళు రోజుకు గింతనే తాగాలె అన్నరు గద డాక్టర్లు. ఆయన నీళ్ళు బంద్ చేసి, ఆ లెక్కకు బోండాం నీళ్ళు తాగిండు. నీళ్ళకు నీళ్ళేనాయె అనుకున్నం. లెక్క తప్పలేదమ్మా మేము."

లెక్క తప్పలేదు. నిజంగానే తప్పలేదు. నీళ్ళను నీళ్ళతో కొలిచిండ్రు. మా దగ్గర జబ్బు మనిషి కనపడితే ముందు చేతిలో పెట్టేది కొబ్బరి బోండమే. వార్డులో నేను సాయవ్వతో అరటి గురించి మాట్లాడిన, బత్తాయి గురించి మాట్లాడిన. దీని గురించి అనలేదు. డాక్టర్లు చెప్పే ఉంటరు. అడిగితే నేనూ చెప్పేదాన్ని.

ఆపాతో అన్న, ఇక మొదటి గంట కూడా వద్దు, భయమైతున్నది అని.

ఆమె గోడ వైపు తిరిగి, "బోండాం చేసిన తప్పుకు నా జామకు శిక్షనా?" అన్నది.

ఆపిల్ కోసి పెట్టిన. తిన్నది. మొత్తం తిన్నది. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.


జనవరి 19, సోమవారం

లింబయ్య తిరిగొచ్చిండు. సగమైండు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేముందు ఆపా ఇస్రార్‌తో ఆపిల్లు తెప్పించింది. నాకు చెప్పలేదు. ప్లాస్టిక్ సంచి తీసుకపోయి సాయవ్వ ఒడిలో పెట్టింది.

"అన్నా, దీంట్లో ఏం లేదట. మా చెల్లె చెప్పింది. రుచి కూడ లేదు. అందుకే మనకు మంచిది."

లింబయ్య లేని ఓపిక తెచ్చుకొని నవ్విండు. "నాకు ఆపిల్ తెచ్చినవా అక్కా? అయితె ఇంక నేను పోను. నీకు బదులు ఆపిల్ తేవాలె గద."


జనవరి 27

ఆపా బోధన్ పోదామంటున్నది. ఒక్క పూట. రంజాన్ వచ్చేలోపల ఇల్లు చూసి రావాలట. ఈసారి రోజా ఉపవాసాలు ఉండొద్దని డాక్టర్ చెప్పిండు, దానికి బదులు పేదలకు అన్నం పెట్టే ఏర్పాటు అక్కడి మసీదు వాళ్ళతో మాట్లాడాలట. ఫోన్‌లో మాట్లాడొచ్చు అన్న. "చెట్టుతో ఫోన్‌లో మాట్లాడనా?" అన్నది.


ఫిబ్రవరి 1, ఆదివారం

పోయి వచ్చినం. ఇస్రార్ కారు అడిగి తెచ్చిండు. మమ్మల్ని దించి ఆయన మసీదు వాళ్ళతో మాట్లాడటానికి పోయిండు.

కాపు అయిపోయింది. కొమ్మ కిందికి వంగిన చోట మాత్రం ఒక పండుకు పాత చీర ముక్క కట్టి ఉంది, చిలుకలు కొట్టకుండా. రాధాబాయి ఉంచింది. ఆపా వస్తదని ఎవరో చెప్పినట్టు ఉంచింది. నేను చెప్పలేదు.

"ముట్టలేదు నేను, ఎవర్ని ముట్టనియ్యలేదు" అన్నది రాధాబాయి. నా ముఖం చూసి, "తినాల్నని కాదు, చూడాల్నని" అని కలిపింది. ఆమెకూ అన్నీ తెలుసు.

ఆపా మంచం చెట్టు కిందికి వేయించుకొని కూర్చున్నది. గుడ్డ విప్పింది. పండు పసుపు తిరిగి, ఒక పక్క మెత్తబడి ఉంది. చేతిలో పెట్టుకొని నన్ను అడిగింది.

"ఛోటీ, సేబ్ తింటే ఎన్నేండ్లు బతుకుత, జామ తింటే ఎన్నేండ్లు బతుకుత? నీ చార్టులో ఉంటది గద."

"ఉండదు ఆపా."

"రెండిటికి తేడా ఎంత? ఒక యేడా? ఒక నెలనా?"

"తెలియదు."

"తెలియకుండనే ఇన్ని రోజులు నన్ను ఆపినవా?"

"తెలియదు కాబట్టే ఆపిన."

ఆమె తల ఊపింది, ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. రేపు సోమవారం, మిషిన్ ఉంది. అయినా ఇది మిషిన్ మీద కాదు, మొదటి గంట కాదు, పావు ముక్క కాదు. మొన్నటి రిపోర్ట్ ఐదు పాయింట్ ఏడు. ఇవన్నీ చెప్దామని నోటిదాకా వచ్చినయి.

"వంటింటి కిటికీ తెరిచే ఉన్నట్టుంది, వేసొస్త" అని లోపలికి పోయిన.

వంటింటి గోడకు నా చార్టు ఇంకా ఉంది. కాలేజీ ఎగ్జిబిషన్ కోసం నేను గీసింది. 'పేదవాడి ఆపిల్: జామ' అని తెలుగులో పెద్ద అక్షరాలు. ఆపాకు చదవరాదు, అయినా అడిగి తెచ్చుకొని అతికించుకున్నది. జామను గుమ్మడికాయంత గీసిన, ఆపిల్‌ను నిమ్మకాయంత. కింద నా సంతకం. నూనె పొగకు ఆపిల్ రంగు పోయింది, జామ పచ్చగానే ఉంది. కిటికీ గొళ్ళెం తుప్పు పట్టి పడటం లేదు. కొంచెం సేపు పట్టింది.

బయటికి వచ్చేసరికి ఆపా చేతులు తడిగా ఉన్నయి. రాధాబాయి చెంబు పట్టుకొని నిలబడి ఉంది. చీర ముక్క మంచం మీద మడిచి ఉంది. పండు కనపడలేదు. రాధాబాయి చెట్టు పైకి చూసి, "పూత మొదలైతది ఇంక" అన్నది.

నేను అడగలేదు. ఆపా చెప్పలేదు. కారులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఎడపల్లి దాటేదాకా ఆమె ఛాతీ మీద చెయ్యి పెట్టుకొనే కూర్చున్న, గాలికి కొంగు సర్దుతున్నట్టు.


ఫిబ్రవరి 2, సోమవారం

మిషిన్‌కు ముందు రిపోర్ట్ ఐదు పాయింట్ ఎనిమిది. తిన్నా అంతే రావచ్చు, తినకపోయినా అంతే రావచ్చు. ఆ పండు రాధాబాయి కొంగులో కూడా ఉండొచ్చు. ఇన్నేండ్ల నా చదువు ఇక్కడికి వచ్చి ఆగింది.

ఆపా, లింబయ్య ఏదో గుసగుసలాడి నవ్వుకున్నరు. నేను దగ్గరికి పోతే మాట ఆపిండ్రు.

"అడగవా?" అన్నది ఆపా.

"ఏం అడగాలె?"

"ఏం లేదు" అని కళ్ళు మూసుకున్నది. ముఖం తేటగా ఉంది. ఏమన్నా తింటవా అంటే ఆపిల్ ఉంటే పెట్టు అన్నది.

నిన్న రాసింది ఇప్పుడు చదువుకున్న. ఒక మాట దిద్దాలె. వంటింటి కిటికీ మూసే ఉంది. నేను పోయేసరికే గొళ్ళెం పడి ఉంది. నేను దాన్ని తీసి, మళ్ళీ వేసిన.

ఆపాను తిననియ్యడానికి లోపలికి పోయిననా, తింటుంటే చూడలేక పోయిననా, ఏమన్నా అయితే నాకు తెలియదని చెప్పుకోవడానికి పోయిననా? మూడు తీర్ల రాసి చూసిన, మూడూ నావే అనిపిస్తున్నయి. పండ్ల సంగతి క్లాసులో చెప్పగలుగుత, రేపు కూడా చెప్త. దీని సంగతి నాకు తెలియదు.

చెట్టు ఎండాకాలం పూస్తది, వానలకు ఇంకో కాపు కాస్తది. అప్పటికి ఆపా ఉండి, రాధాబాయి సంచి పంపితే, ఆ సంచిని ఇంటికి తెస్తనో, మళ్ళీ దుకాణంలోనే దించుతనో తేల్చుకోలేదు.